మీరడిగారు: ఎయిర్‌పోర్ట్‌లో వాషింగ్టన్ పక్కన నిలబడ్డ ఆయనెవరు?

ఉగాదికి మా పిట్స్‌బర్గ్ తెలుగువాళ్లం పెట్టుకున్న క్విజ్ ప్రశ్నలు పోయిన నెల ఈ పేజీలో వేశాం. అమెరికా చరిత్ర, ఫుట్‌బాల్, పాత రాక్ సంగీతం, ఈ మూడింటి మీదే ప్రశ్నలన్నీ. జవాబులు కిందే ఇచ్చేశాం కదా, ఇక ఎవరు రాస్తారులే అనుకున్నాను. ఉత్తరాలు, మెయిళ్లు కలిపి పెద్ద కట్టే వచ్చింది. చాలామంది అడిగింది ఒకటే: "జవాబు సరే, అసలు కథేమిటి?" ఆ మాట చదివి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. 1979 ఆగస్టులో ఒక్క సూట్‌కేసుతో ఈ ఊళ్లో దిగిన రోజు నుంచి నేను కనిపించిన వాళ్లందరినీ అడుగుతూ వచ్చింది కూడా అదే.

ప్రశ్న: మా అబ్బాయి దగ్గరికి వచ్చినప్పుడు పిట్స్‌బర్గ్ ఎయిర్‌పోర్ట్‌లో రెండు నిలువెత్తు బొమ్మలు చూశాను. ఒకటి జార్జ్ వాషింగ్టన్ అని చెప్పారు. పక్కన వంగి బంతి అందుకుంటున్న ఆయనెవరు? దేశపు మొదటి అధ్యక్షుడి పక్కన ఒక ఆటగాణ్ణి నిలబెట్టడమేమిటి?
(రిటైర్డ్ టీచర్, రాజమహేంద్రవరం)

టీచరుగారూ, ఆయన ఫ్రాంకో హ్యారిస్. మా ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు స్టీలర్స్ ఆటగాడు. హైంజ్ చరిత్ర కేంద్రం వాళ్లు పెట్టించిన బొమ్మలవి. మీకు వింతగా అనిపించింది గానీ, ఈ ఊరివాళ్లకు ఆ జోడీ చాలా సహజం. ఇద్దరూ ఇక్కడే వెంట్రుకవాసిలో గండం దాటినవాళ్లు.

వాషింగ్టన్ ఇక్కడికి వచ్చేనాటికి 21 ఏళ్ల కుర్రాడు. 1753లో వర్జీనియా గవర్నర్ డిన్‌విడ్డీ ఆయన చేతికి ఒక ఉత్తరమిచ్చి ఉత్తరాన ఉన్న ఫ్రెంచివాళ్ల దగ్గరికి పంపాడు. ఈ నేల మాది, ఖాళీ చేయండి అని అందులో సారాంశం. అల్లెఘనీ, మొనాంగహేలా నదులు కలిసి ఒహాయో నది అయ్యే చోటు అప్పటికి ఉత్త అడవి. కోట కట్టడానికి చాలా అనువైన చోటని ఆ కుర్రాడు డైరీలో రాసుకున్నాడు. ఫ్రెంచివాళ్లు కుదరదని చెప్పి పంపేశారు. తిరిగొచ్చేసరికి డిసెంబరు చివర. తోడున్న క్రిస్టఫర్ గిస్ట్, తను కలిసి ఒకే ఒక్క చిన్న గొడ్డలితో రోజంతా కష్టపడి తెప్ప కట్టారు. నది నిండా కొట్టుకొస్తున్న మంచుగడ్డలు. గెడతో తెప్పను నిలబెట్టబోతే ఆ విసురుకు వాషింగ్టన్ నీళ్లలో పడ్డాడు. తెప్ప దుంగ చేతికి దొరికింది కాబట్టి బతికాడు. ఆ రాత్రి తడిబట్టలతో నది మధ్య లంకలో గడిపారు. గోదావరి ఒడ్డున ఉండే మీకు లంక అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. కాకపోతే ఇది వణికించే చలిలో. గిస్ట్ చేతివేళ్లు, కాలివేళ్లు చలికి చచ్చుబడ్డాయి. తెల్లారేసరికి నది గడ్డకట్టింది, దాని మీదే నడిచి అవతలికి పోయారు. అక్కడి 40వ వీధి వంతెనకు ఇప్పుడు వాషింగ్టన్ క్రాసింగ్ వంతెన అని పేరు. మా పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడికి వచ్చిన చుట్టాలను తిరుగు దారిలో ఆ వంతెన మీదుగా తీసుకెళ్లి ఈ కథ చెప్పడం నాకు అలవాటు.

ఇక ఫ్రాంకో. 1972 డిసెంబరు 23. ఓక్లండ్ రైడర్స్‌తో ప్లేఆఫ్ ఆట, అంటే ఓడితే ఇంటికే. స్టీలర్స్ 6, రైడర్స్ 7. ఇంకా 22 సెకన్లే ఉంది, మిగిలింది ఒక్క అవకాశం. జట్టు పుట్టి దాదాపు 40 ఏళ్లయినా అప్పటిదాకా ఒక్క ప్లేఆఫ్ ఆట కూడా గెలవలేదు. స్టీలర్స్ క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరే ఆటగాడు, టెర్రీ బ్రాడ్‌షా తన జట్టులోని ఫ్రెంచీ ఫుక్వాకు బంతి విసిరాడు. అదే క్షణంలో రైడర్స్ ఆటగాడు జాక్ టేటమ్ వచ్చి ఫుక్వాను గుద్దాడు. బంతి ఎగిరి వెనక్కి పోయింది. ఆట అయిపోయిందని అందరూ అనుకున్నారు. ఎక్కడి నుంచి వచ్చాడో ఫ్రాంకో, నేలకు జానెడు ఎత్తులో, దాదాపు తన బూట్ల దగ్గర బంతిని అందుకుని ఆగకుండా పరుగెత్తి అవతలి జట్టు గీత దాటించి టచ్‌డౌన్ చేశాడు. 13-7. ఆ ఏడాదే జట్టులో చేరిన కొత్త కుర్రాడతను. ఎయిర్‌పోర్ట్‌లో మీరు చూసింది సరిగ్గా ఆ క్షణాన్ని. ఈసారి వచ్చినప్పుడు చేతులు చూడండి టీచరుగారూ. వేళ్లు నేలవైపు ఎంత కిందికి దిగి ఉంటాయో!

ఆ ఘట్టానికి 50 ఏళ్లు నిండిన సందర్భంగా 2022 డిసెంబరు 24న అదే రైడర్స్‌తో ఆట పెట్టి, ఆయన 32వ నంబరు జెర్సీకి శాశ్వత గౌరవం ఇవ్వాలనుకున్నారు. ఇంకో మూడు నాలుగు రోజులుందనగా ఫ్రాంకో చనిపోయారు. ఆ వారమంతా మా వీధిలో ఎవరితో మాట్లాడినా సొంత ఇంట్లో మనిషి పోయినట్టే మాట్లాడారు.

ప్రశ్న: చేత్తో పట్టుకుని పరుగెత్తే ఆటకు ఫుట్‌బాల్ అని పేరెందుకు? ఆ బంతి కోడిగుడ్డులా ఎందుకుంటుంది?
(ఇంటర్ విద్యార్థి, వరంగల్)

బాబూ, మొదట్లో అది నిజంగా కాలితో ఆడిన ఆటే. 1869 నవంబరు 6న న్యూజెర్సీలో రట్గర్స్, ప్రిన్స్‌టన్ కాలేజీలు ఆడుకున్న ఆటను అమెరికాలో మొదటి కాలేజీ ఫుట్‌బాల్ ఆటగా లెక్కిస్తారు. ఒక్కో వైపు 25 మంది, గుండ్రటి బంతి, దాన్ని చేత్తో పట్టుకుని పరుగెత్తకూడదు. రట్గర్స్ 6-4తో గెలిచింది. తర్వాత రగ్బీ పద్ధతి వచ్చి కలిసింది, వాల్టర్ కాంప్ అనే ఆయన 1880ల్లో నియమాలు మార్చాడు, ఆట మారిపోయింది. పేరు మాత్రం నిలిచిపోయింది.

బంతి ఆకారానికి కథ ఇంకా ఉంది. అప్పట్లో ముందుకు విసిరే పద్ధతి లేదు. గుంపుగా గుద్దుకుంటూ పోవడమే. హెల్మెట్లు కూడా సరిగ్గా లేని రోజులు. 1905 సీజన్లో 18 మంది చనిపోయారని అప్పటి పత్రికలు లెక్కగట్టాయి. అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ కొడుకు ఆ ఏడాదే హార్వర్డ్‌లో ఆడుతున్నాడు. ఆయన హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వాళ్లను వైట్‌హౌస్‌కు పిలిపించి, ఆటను దారిలో పెట్టమని చెప్పాడు. 1906లో బంతిని ముందుకు విసరొచ్చని నియమం వచ్చింది. విసరడం మొదలయ్యాక, ఒంటిచేత్తో పట్టుకుని మెలితిప్పి వదలడానికి వీలుగా బంతి ఏటికేడు సన్నబడుతూ వచ్చింది. ఇప్పటి పొడవు సుమారు 11 అంగుళాలు.

ఆ బంతిని పందితోలు అంటారు గానీ అది ఆవు తోలు. ఒహాయోలోని ఏడా అనే చిన్న ఊళ్లో విల్సన్ కంపెనీ ఫ్యాక్టరీలో తయారవుతుంది. నాలుగు తోలు ముక్కలను లోపలి వైపు బయటికి ఉండేలా కుట్టి, ఆవిరి పట్టి మెత్తబరిచి, చిన్న సందులోంచి మొత్తం తిరగేస్తారు. దిండు గలీబు తిరగేసినట్టే. గలీబు మెత్తన, ఇది మందపాటి తోలు, భుజబలం కావాలి. తర్వాత లోపల గాలితిత్తి పెట్టి, పైన తాడు చేత్తో అల్లుతారు. నీకు ఎప్పుడైనా ఆ బంతి దొరికితే ఆ తాడు మీద వేళ్లు పెట్టి పట్టుకో. విసిరేవాళ్లకు పట్టు అక్కడే.

ప్రశ్న: అమెరికాలో ఓట్లు ఎప్పుడూ మంగళవారమే ఎందుకు?
(పాఠకుడు, హైదరాబాద్)

1845లో చట్టం చేశారు: నవంబరులో మొదటి సోమవారం తర్వాతి మంగళవారం. అప్పుడు దేశమంతా రైతులే. ఓటు వేయాలంటే గుర్రబ్బండి కట్టుకుని జిల్లా కేంద్రానికి పోవాలి. ఆదివారం చర్చి, బుధవారం చాలాచోట్ల సంత. సోమవారం బయల్దేరి మంగళవారం ఓటేస్తే సంత రోజుకు ఇంటికి చేరొచ్చు. నవంబరు అయితే కోతలు అయిపోయి ఉంటాయి, దారులు ఇంకా మంచుతో మూసుకుపోవు. రైతు పంచాంగం చూసి పెట్టిన ముహూర్తమది. ఇప్పుడు ఆ రోజున సెలవు లేక ఆఫీసు ముందో వెనకో లైన్లో నిలబడేవాళ్లను చూస్తే, దీన్ని మార్చాల్సిందేనని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ప్రశ్న: జాన్ లెనన్ చనిపోయిన వార్తను అమెరికాలో లక్షలాది మంది మొదట ఫుట్‌బాల్ ఆట మధ్యలో విన్నారని మీ క్విజ్‌లో ఉంది. ఆటకూ, బీటిల్స్ గాయకుడికీ సంబంధమేమిటి?
(సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, సాన్ హోసే)

అమ్మా, ఈ ప్రశ్న నేనే క్విజ్‌లో పెట్టాను. ఎందుకంటే ఆ రాత్రి నేను టీవీ ముందున్నాను.

1980 డిసెంబరు 8, సోమవారం. హాస్టల్ కింది హాల్లో ఉమ్మడి టీవీ. మయామీలో డాల్ఫిన్స్, పేట్రియట్స్ ఆట. నేను దేశానికి కొత్త, ఆటకూ కొత్తే. నా రూమ్మేట్ పక్కన కూర్చుని ఒక్కో నియమం చెబుతున్నాడు. అర్ధరాత్రి కావస్తోంది. 13-13. ఇంకా మూడు సెకన్లుంది. పేట్రియట్స్ తరఫున జాన్ స్మిత్ బంతిని తన్నడానికి సిద్ధమవుతున్నాడు. అతను ఇంగ్లండ్‌వాడు, లెనన్ దేశస్తుడే. ఆ సమయంలో వ్యాఖ్యాత హవర్డ్ కోసెల్ గొంతు మారింది. ఇది ఒక ఆట మాత్రమే, ఎవరు గెలిచినా ఓడినా అంతే అని మొదలుపెట్టి, న్యూయార్క్‌లో తన ఇంటి ముందు జాన్ లెనన్‌ను కాల్చారని, రూజ్‌వెల్ట్ ఆసుపత్రికి తీసుకొచ్చేసరికే ప్రాణం పోయిందని చెప్పాడు. తర్వాత స్మిత్ తన్నిన బంతిని అడ్డుకున్నారు, అదనపు సమయంలో డాల్ఫిన్స్ 16-13తో గెలిచారు. మా హాల్లో ఆ తన్ను ఎవరూ చూడలేదు.

నాకు లెనన్ ఎవరో అప్పటికి తెలియదు. ఎవరీయన అని అడగబోయి రూమ్మేట్ ముఖం చూసి ఆగిపోయాను. లేచి వరండాలో గోడ ఫోను దగ్గరికి పోయాడు. అక్కకు ఫోన్ చేశాడు. రిసీవర్ చెవికి ఆనించుకుని అలాగే నిలబడ్డాడు గానీ ఒక్క మాటా మాట్లాడలేదు, అవతల అక్క కూడా మాట్లాడినట్టు లేదు. నాకు 1974 ఫిబ్రవరి గుర్తొచ్చింది. ఘంటసాల గారు పోయారని విన్న రోజు మా నాన్న రేడియో కట్టకుండా, భోజనానికి లేవకుండా అలాగే కూర్చున్నారు. అప్పుడర్థమైంది నాకు, నా రూమ్మేట్‌కు పోయిందెవరో.

ఆ వార్త టీవీకి ఎలా అందిందో తర్వాత తెలిసింది. ఏబీసీ వాళ్ల న్యూయార్క్ చానల్లో వార్తల ప్రొడ్యూసర్ ఆలన్ వైస్ ఆ రాత్రే మోటార్‌సైకిల్ ప్రమాదంలో దెబ్బతిని అదే ఆసుపత్రిలో స్ట్రెచర్ మీద ఉన్నాడు. ఆయన కళ్ల ముందే లెనన్‌ను లోపలికి తెచ్చారు. నొప్పితోనే ఎలాగో ఆఫీసుకు ఫోన్ చేయించాడు. ఆ సమయానికి ఏబీసీలో దేశమంతా చూస్తున్నది ఫుట్‌బాల్.

ఇంకో సంగతి. అంతకు ఆరేళ్ల ముందు, 1974 డిసెంబరు 9న, లెనన్ స్వయంగా ఇదే సోమవారం ఆట కార్యక్రమానికి లాస్ ఏంజెలెస్‌లో అతిథిగా వచ్చాడు. అదే రాత్రి వ్యాఖ్యాతల గదికి వచ్చిన మరో అతిథి కాలిఫోర్నియా గవర్నర్ రొనాల్డ్ రేగన్. రేగన్ లెనన్ భుజం మీద చెయ్యేసి ఫుట్‌బాల్ నియమాలు వివరించాడు. లెనన్‌తో మైకు ముందు మాట్లాడిందీ ఆ కోసెలే. 1980 నవంబరులో రేగన్ అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు, నెల తిరిగేసరికి లెనన్ హత్య, 1981 మార్చి 30న రేగన్ మీదే కాల్పులు. నాకు నియమాలు నేర్పిన రూమ్మేట్‌ను తలుచుకుంటే ఆ 1974 నాటి దృశ్యమూ కలిసి గుర్తొస్తుంది: కొత్తగా వచ్చినవాడి భుజం మీద చెయ్యేసి ఆట చెప్పే మనిషి.

ప్రశ్న: స్వాతంత్ర్య ప్రకటన మీద 1776 జులై 4న అందరూ సంతకాలు చేశారని పోయిన నెల రాశారు. అది సరికాదు.
(చరిత్ర అధ్యాపకుడు, తిరుపతి)

మీరు చెప్పిందే నిజం. నా పొరపాటును దిద్దినందుకు కృతజ్ఞతలు. అప్పటి అమెరికా వలసల ప్రతినిధుల సభ, కాంగ్రెస్, స్వాతంత్ర్యానికి ఓటేసింది జులై 2న, ప్రకటన పాఠాన్ని ఆమోదించింది 4న, ఎక్కువమంది సంతకాలు చేసింది ఆగస్టు 2న. ఇకమీదట దేశమంతా పండగ చేసుకునేది జులై 2నే అని, తర్వాత అధ్యక్షుడైన జాన్ ఆడమ్స్ తన భార్య అబిగెయిల్‌కు ఉత్తరం కూడా రాశాడు.

ఆ ఆడమ్స్, ప్రకటన రాసిన థామస్ జెఫర్సన్ ఇద్దరూ 50 ఏళ్ల తర్వాత, 1826 జులై 4నే, ఒకే రోజు పోయారు. ఆడమ్స్‌కు 90, జెఫర్సన్‌కు 83. మొదట ప్రాణమిత్రులు. అధ్యక్ష పదవికి ఒకరి మీద ఒకరు నిలబడ్డ 1800 ఎన్నికతో మాటలు పోయాయి. ఇద్దరికీ కావలసిన డాక్టర్ బెంజమిన్ రష్ పట్టువదలకుండా పూనుకుంటే 1812లో మళ్లీ ఉత్తరాలు మొదలయ్యాయి. ఆ తర్వాత 150కి పైగా ఉత్తరాలు రాసుకున్నారు. జెఫర్సన్ ఇంకా ఉన్నాడని ఆడమ్స్ చివరి క్షణాల్లో అన్నాడట. జెఫర్సన్ అప్పటికి కొన్ని గంటల ముందే పోయాడు. ఫోను లేని కాలం, ఆయనకు ఎలా తెలుస్తుంది? ఐదేళ్లకు మరో మాజీ అధ్యక్షుడు జేమ్స్ మన్రో కూడా జులై 4నే పోయాడు. క్విజ్‌లకు ఆ తేదీలు చాలు. మీ విద్యార్థులకు మాత్రం ఆ డాక్టర్ రష్ గురించి తప్పకుండా చెప్పండి.

ప్రశ్న: జిమీ హెండ్రిక్స్ ఉడ్‌స్టాక్ సంగీతోత్సవంలో అమెరికా జాతీయగీతాన్ని గిటార్ మీద అలా వాయించడం దేశాన్ని అవమానించడమా?
(గిటార్ నేర్చుకుంటున్న అమ్మాయి, విశాఖపట్నం)

కాదమ్మా. ముందు ఒక్క సంగతి గుర్తుపెట్టుకో. హెండ్రిక్స్ 1961లో సైన్యంలో చేరి, 101వ ఎయిర్‌బోర్న్ దళంలో విమానాల నుంచి దూకినవాడు. ఉడ్‌స్టాక్‌లో ఆయన పక్కన బేస్ గిటార్ వాయించిన బిల్లీ కాక్స్‌తో స్నేహం కుదిరింది కూడా ఆ సైనిక స్థావరంలోనే.

ఇక ఆ పాట. 1814లో బ్రిటిష్ నౌకలు బాల్టిమోర్‌లోని మెక్‌హెన్రీ కోట మీద దాదాపు 25 గంటలు బాంబులు కురిపించాయి. తెల్లారాక జెండా ఇంకా ఎగురుతూ ఉండటం చూసి ఫ్రాన్సిస్ స్కాట్ కీ రాసిన గీతమది. 1931లో జాతీయగీతమైంది. అందులోనే రాకెట్లు, గాల్లో పేలే బాంబులు ఉన్నాయి. 1969 ఆగస్టు 18, సోమవారం ఉదయం. పండగ ఆదివారమే ముగియాలి, వానలతో ఆలస్యమై సోమవారానికి వచ్చింది. జనం చాలామంది వెళ్లిపోయారు. బురదలో మిగిలినవాళ్ల ముందు హెండ్రిక్స్ ఆ చరణాల దగ్గరికి వచ్చి, మాటల్లో ఉన్న బాంబులను తీగ మీద పేల్చాడు. వియత్నాంలో అవే బాంబులు పడుతున్న రోజులు. మధ్యలో సైనికుల అంత్యక్రియల్లో ఊదే బ్యూగిల్ స్వరం కూడా కొద్దిగా వినిపిస్తుంది. తర్వాత టీవీలో అడిగితే, తనకది అందంగానే అనిపించిందని చెప్పాడు.

నువ్వు సాధన చేస్తున్నావు కాబట్టి ఇంకోటి. ఆయన ఎడమచేతివాటం. కుడిచేతివాళ్ల గిటార్‌ను తిరగేసి, తీగలు మార్చి బిగించుకునేవాడు. వీడియో చూస్తే తీగలు బిగించే మీటలన్నీ కింది వైపు కనిపిస్తాయి. ఉడ్‌స్టాక్ మొదటి రాత్రి వానలో రవిశంకర్ సితార్ కూడా మోగింది, విను.

ప్రశ్న: థాంక్స్‌గివింగ్ నాడు మా అల్లుడు డెట్రాయిట్ ఆట పెట్టుకుని కూర్చుంటాడు. ఏటా ఆ జట్టే ఎందుకు?
(న్యూజెర్సీ నుంచి ఒక అత్తగారు)

1934లో డెట్రాయిట్ లయన్స్‌ను కొని ఊరికి తెచ్చిన జార్జ్ రిచర్డ్స్‌కు రేడియో స్టేషన్ కూడా ఉంది. ఆటకు జనం రావడం లేదు. పండగ నాడు పెట్టి, రేడియోలో దేశమంతా వినిపిద్దామనుకున్నాడు. 26,000 మంది వచ్చారు. లయన్స్ చికాగో బేర్స్ చేతిలో 19-16తో ఓడారు గానీ ఆనవాయితీ నిలిచింది. 1966 నుంచి డాలస్ కూడా ఆడుతోంది. రెండు ఆటల మధ్య సందు ఉంటుంది అత్తగారూ, భోజనం అప్పుడు వడ్డించండి, అల్లుడుగారు కదిలివస్తారు.

ప్రశ్న: తాతగారూ, స్టీలర్స్ హెల్మెట్‌కు కుడివైపే బొమ్మ ఎందుకు? నాలుగో క్వార్టర్‌లో ఆ పాట ఎందుకు వేస్తారు?
(నాలుగో తరగతి పాప, మన్రోవిల్)

బంగారూ, 1962లో ఉక్కు పరిశ్రమ గుర్తును హెల్మెట్ మీద వేసుకోమని ఒక ఉక్కు కంపెనీ సలహా ఇచ్చింది. బంగారు రంగు హెల్మెట్ మీద బాగుంటుందో లేదో చూద్దామని ముందు ఒకవైపే అంటించారు. ఆ ఏడాది జట్టు బాగా ఆడింది, అందరూ ఒకవైపే ఎందుకని అడగసాగారు, అలాగే ఉంచేశారు. ఆ గుర్తులో పసుపు బొగ్గుకు, నారింజ ఇనుప ఖనిజానికి, నీలం పాత ఉక్కుకు. ఈ మూడూ కొలిమిలో కలిస్తే కొత్త ఉక్కు. నేను వచ్చిన కొత్తలో నది ఒడ్డున ఆ కొలిమిల వెలుగు రాత్రి ఆకాశంలో ఎర్రగా కనిపించేది. కొద్ది ఏళ్లలోనే చాలావరకు మూతపడ్డాయి. నువ్వు హెల్మెట్ మీద చూస్తున్నది ఆ మనుషుల పని గుర్తు.

ఆ పాట పేరు రెనిగేడ్, చికాగో బృందం స్టిక్స్‌ది, 1978లో వచ్చింది. పట్టుబడబోతున్న పారిపోయిన నేరస్తుడి గోడు అందులో ఉంటుంది. మెల్లగా, గుసగుసలా మొదలై ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. మన డిఫెన్స్ ఆటగాళ్లకు ఊపు రావాలని వేస్తారు. అప్పుడు నువ్వు ఊపే పసుపు టవల్ ఉంది చూశావూ, అది 1975లో మైరన్ కోప్ అనే రేడియో వ్యాఖ్యాత మొదలుపెట్టింది. ఆయన కొడుక్కు మాట రాదు. ఆ అబ్బాయిలాంటి వాళ్లను చూసుకునే అల్లెఘనీ వ్యాలీ స్కూలుకు 1996లో టవల్ హక్కులన్నీ రాసిచ్చేశాడు. అప్పటి నుంచి అమ్ముడైన ప్రతి టవల్ మీదా ఆ పిల్లలకు డబ్బు వెళ్తోంది. నీ టవల్ కూడా అందులో ఉంది.

వచ్చే నెల ప్రశ్న: 1964 ఆగస్టులో టోంకిన్ సింధుశాఖ ఘటన జరిగినప్పుడు, వియత్నాం యుద్ధాన్ని పెద్దది చేసిన ఆ రోజుల్లో, అక్కడి అమెరికా నౌకాదళానికి నాయకత్వం వహించిన అధికారికి ఒక కొడుకున్నాడు. అతను మూడేళ్లకే దేశమంతా మోగిపోయిన రాక్ గాయకుడయ్యాడు, 1971లో 27 ఏళ్లకే పారిస్‌లో చనిపోయాడు. ఎవరతను? పేరొక్కటే రాయకండి. ఆ తండ్రీకొడుకుల గురించి మీకు తెలిసిన కథ కూడా రాయండి.